ఐదో గేరు స్పీడు కోసం కాదు: మేడారం దారిలో ఒక పాత అంబాసిడర్

ఈ రోజు మేడారం నుంచి మాట్లాడుతున్నా. జాతర లేని రోజు కాబట్టి వెనకాల గద్దెల దగ్గర జనం పెద్దగా కనబడరు. నా పక్కన తెల్ల అంబాసిడర్ మాత్రం కనబడుతుంది కదా, ఈ ఎపిసోడ్ దాని గురించే. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే దాని కడుపులో ఉన్న గేర్ బాక్సు గురించి.

కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పాత బండికి ఫైవ్ స్పీడ్ గేర్ బాక్సు వేస్తే ఎంత స్పీడు పోతది?" దీనికి జవాబు ముందే చెప్పేస్తా. స్పీడు పెరగదు. చాలా పాత బండ్లు ఐదో గేరులో కంటే నాలుగో గేరులోనే ఎక్కువ స్పీడు అందుకుంటాయి. మరి ఐదో గేరు ఎందుకు? ఇంజనుకు ఊపిరి తీసుకునే టైము ఇవ్వడానికి. ఈ ఒక్క మాట అర్థమైతే గేర్ బాక్సు కొనేటప్పుడు, బిగించేటప్పుడు, నడిపేటప్పుడు మీరు తీసుకునే నిర్ణయాలన్నీ మారిపోతాయి.

ముందు కొంచెం చరిత్ర. ఫోన్‌లో మీరు బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల వీడియోలు చూసే ఉంటారు. ఎంజీబీ, ట్రయంఫ్ టీఆర్2, ఆస్టిన్ హీలీ 3000. వాటిలో డ్రైవరు ఒక చిన్న స్విచ్ నొక్కుతాడు. ఇంజను చప్పుడు ఒక్కసారిగా మెత్తబడుతుంది, బండి మాత్రం అదే స్పీడులో పోతూ ఉంటుంది. అదే ఓవర్‌డ్రైవ్. ఇంగ్లండులో లేకాక్ అనే కంపెనీ ఈ యూనిట్లు తయారు చేసేది, డిజైను డి నార్మన్‌విల్ అనే ఇంజనీరుది. నాలుగు గేర్ల డబ్బా తోకకి ఇంకో చిన్న డబ్బా తగిలించినట్టు ఉంటుంది. లోపల సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు మధ్యలో ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ చిన్న చక్రాలు. స్విచ్ నొక్కితే కరెంటు సోలెనాయిడ్‌కి పోతుంది, అది ఆయిల్ దారి తెరుస్తుంది, ఆయిల్ ప్రెషర్‌తో ఒక కోన్ క్లచ్ జరుగుతుంది. అంతే, ఇంజను తిరిగే దానికంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కువ తిరగడం మొదలుపెడుతుంది.

మరి ఆ కార్లకీ మన అంబాసిడర్‌కీ సంబంధం ఏంటి? చాలా దగ్గర చుట్టరికం. అంబాసిడర్ అంటే బ్రిటన్‌లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా పక్కన ఉత్తరపారాలో దాన్ని 2014 దాకా తయారు చేశారు. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజను బీ సిరీస్ అనే కుటుంబానిది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ అదే కుటుంబం, అదే 1489 సీసీ. 1962లో వచ్చిన ఎంజీబీలో దాని పెద్దన్న, 1798 సీసీ. అంటే మన ఊరి పెళ్లి కారు, లండన్‌లోని ఎర్ర స్పోర్ట్స్ కారు అన్నదమ్ముల పిల్లలన్నమాట.

స్విచ్ నొక్కే ఓవర్‌డ్రైవ్ కాకపోయినా ఓవర్‌డ్రైవ్ పని చేసే గేరు అంబాసిడర్‌కీ వచ్చింది. 1990ల మొదట్లో కాంటెస్సాలో వాడిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజను, ఐదు గేర్ల డబ్బాతో కలిపి అంబాసిడర్‌లో పెట్టారు. స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్ పోయి కింద ఫ్లోర్ మీదికి వచ్చింది. అందులో నాలుగో గేరు డైరెక్టు, ఐదో గేరు ఓవర్‌డ్రైవ్. నా పక్కన ఉన్నది ఆ రకం బండే.

ఇప్పుడు డైరెక్టు, ఓవర్‌డ్రైవ్ అంటే ఏంటో ఒక లెక్కతో చూద్దాం. డైరెక్టు గేరులో ఇంజను ఒక్క చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఒక్క చుట్టే. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక పాత కారు గంటకు 80 కిలోమీటర్లలో, నాలుగో గేరులో, నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందనుకుందాం. తర్వాత మోడల్ ఎంజీబీల్లో వచ్చిన లేకాక్ ఓవర్‌డ్రైవ్ రేషియో 0.82. అదే రేషియో దీనికి ఉంటే 3000 కాస్తా 2460 అవుతుంది. గంటసేపు పోతే ఎంత తేడా? 32,400 చుట్లు. అన్నిసార్లు పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోకుండా మిగిలాయి. చప్పుడు తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, సాఫీ రోడ్డు మీద పెట్రోల్ కూడా కొంత మిగులుతుంది.

కానీ ఊరికే ఏదీ రాదు కదా. చుట్లు ఎంత తగ్గాయో చక్రం దగ్గర గుంజే బలం కూడా అంతే తగ్గుతుంది. 18 శాతం చుట్లు తగ్గితే, ఇంజను అదే బలం ఇచ్చినా చక్రానికి అందే బలం 18 శాతం తక్కువ. చదునైన రోడ్డు మీద ఇబ్బంది లేదు. ఐదుగురు మనుషులు, డిక్కీలో బెల్లం మూటలు, ముందర ఎత్తు... అక్కడ ఐదో గేరు వేస్తే బండి మూలుగుతుంది.

మేడారం దారినే ఎందుకు ఎంచుకున్నానో ఇప్పుడు మీకు అర్థమైపోయి ఉంటుంది. హనుమకొండలో బయల్దేరి ములుగు మీదుగా పస్రా దాకా జాతీయ రహదారి, సుమారు 70 కిలోమీటర్లు. అక్కడ ఐదో గేరు రాజా. పస్రా దాటితే అడవి, మలుపులు. జాతర రోజుల్లో అయితే ప్రైవేటు బండ్లను పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా మళ్లిస్తారు. అక్కడ మొదటి గేరు, క్లచ్చు, ఓపిక, ఈ మూడే నడుస్తాయి. గంటలో ఎన్ని కిలోమీటర్లు పోయామో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఒకే ప్రయాణంలో గేర్ బాక్సుకి రెండు కొసల్లోనూ పరీక్ష.

ఈ బండి ఒక పెద్దాయనది. పేరు చెప్పను, నేను కాకా అని పిలుస్తా. సొంతూరు ఈ చుట్టుపక్కలే, ఇప్పుడు కొడుకు దగ్గర హనుమకొండలో ఉంటున్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు రాత్రిపూట ఎవరికి నొప్పులొచ్చినా, పాము కరిచినా ఏటూరునాగారం, ములుగు ఆసుపత్రులకు పరుగెత్తిన బండి ఇది. 2023 చివర్లో మా షెడ్డుకు తెచ్చాడు. ఐదో గేరు వేస్తే నాలుగు కిలోమీటర్లు పోయాక దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. మూడో గేరు పడేటప్పుడు కరకర. ఏ గేరులో ఉన్నా సన్నగా ఈల.

"బిడ్డా, తుక్కోళ్లు బేరం అడుగుతున్నరు. ఇచ్చేద్దునా?" అన్నాడు. అంటూనే ఇంకో మాట చెప్పాడు. మనవరాలికి పెద్ద జబ్బు చేసి తగ్గింది. సమ్మక్క సారలమ్మకు ఆ పిల్ల ఎత్తు బంగారం మొక్కుకున్నారు. తెలియనోళ్లకు చెప్తున్నా, ఇక్కడ బంగారం అంటే బెల్లం. మనిషి బరువుకు సమానంగా తూచి గద్దెల మీద సమర్పిస్తారు. జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వస్తుంది. ఆ ఏడు 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయిన బండిలోనే అమ్మల దగ్గరికి తీసుకుపోవాలని ఆయన పట్టుదల. నాకున్నది రెండు నెలలు.

ముందు పాత గేర్ బాక్సు ఆయిల్ దింపి చూశాం. ఇది మీరు కూడా చేయగలిగిన పరీక్ష. ఆయిల్‌ని తెల్ల బట్టలో వడగట్టండి. పసుపుపచ్చ మెరుపు కనిపిస్తే అది సింక్రో రింగుల ఇత్తడి. సన్నటి బూడిద రంగు పొడి కొంచెం ఉంటే మామూలు అరుగుదల. గోటికి తగిలే ఇనుప ముక్కలుంటే మాత్రం బేరింగో, గేరు పన్నో పోయినట్టే. మాకు మూడూ దొరికాయి. విప్పితే ఐదో గేరు లాక్కునే పళ్లు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. పళ్ల అంచు పదునుగా ఉంటేనే గేరు పట్టుకుంటుంది, గుండ్రంగా అయితే లోడు పడినప్పుడు జారిపోతుంది. అందుకే దూకేస్తోంది.

కొత్త పళ్ల చక్రాలు తెచ్చి రిపేరు చేద్దామంటే ఈ బండి సామాన్లు ఇప్పుడు షోరూములో దొరికేవి కావు. కాంటెస్సా 2002లో ఆగిపోయింది, అంబాసిడర్ 2014లో. కాబట్టి సెకండ్ హ్యాండ్ గేర్ బాక్సే దారి. హైదరాబాద్‌లో వెతికాం, విజయవాడ ఆటోనగర్‌లో వెతికాం. పాత సామాన్ల కోసం తెలుగు మెకానిక్కులు ఎక్కువగా పోయేది ఆటోనగర్‌కే. మొత్తం మీద మూడు డబ్బాలు చూశాం.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, డబ్బు మిగిలేది ఇక్కడే. గేర్ బాక్సు బెంచీ మీద ఉండగానే సుద్దముక్క పరీక్ష చేయాలి. ముందర ఇంజనులోకి పోయే షాఫ్ట్ మీద ఒక గీత, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే ఫ్లాంజీ మీద ఒక గీత. నాలుగో గేరు వేసి ముందు షాఫ్ట్‌ని పది చుట్లు తిప్పండి. వెనకది కూడా సరిగ్గా పది తిరగాలి. ఇప్పుడు ఐదో గేరు వేసి మళ్లీ పది చుట్లు. వెనకది పదికంటే ఎక్కువ తిరిగితేనే అది ఓవర్‌డ్రైవ్ గేరు. రేషియో 0.82 అయితే పన్నెండు చుట్లు దాటుతుంది. ఇంత చిన్న పరీక్షతో లోపల ఏముందో బయటి నుంచే తెలుస్తుంది. మేం చూసిన వాటిలో ఒకదానికి "ఫైవ్ స్పీడే సార్" అన్నారు గానీ ఐదో గేరు అసలు పడనే లేదు.

తిప్పేటప్పుడు చేతికి ఏం తగులుతుందో చూడండి. గరగర అంటే బేరింగు. ఒక చోట మాత్రమే బిగుసుకుంటే పన్ను విరిగిందో, షాఫ్ట్ వంగిందో. ముందు షాఫ్ట్‌ని పైకీ కిందికీ ఊపితే కొంచెం ఆట మామూలే, గలగల మంటే మాత్రం వదిలేయండి.

తర్వాత మీ బండి క్లచ్ ప్లేటుని దగ్గర పెట్టుకుని పోవాలి. ఆ షాఫ్ట్ గాడుల మీద అది నూనె లేకుండానే జారాలి, అటూ ఇటూ గునవకూడదు. బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలు, వెనక మౌంటింగు చోటు, గేరు రాడ్ పైకి వచ్చే చోటు, మొత్తం పొడవు, స్పీడోమీటరు కేబుల్ తగిలే చోటు. ఈ ఐదూ టేపుతో కొలిచి పాతదానితో పోల్చాలి. ఒకే కంపెనీ ఇంజను కదా అని నమ్మి కొనొద్దు. ఒక కారులో గేరు రాడ్ రెండంగుళాలు ముందుంటే, అది మీ బండి ఫ్లోరులో ఉన్న రంధ్రంలోంచి రాదు. అప్పుడు కట్టర్ తీస్తారు. కట్టర్ తీసిన రోజే కథ మారిపోతుంది, ఎందుకో చివర్లో చెప్తా.

మూడో డబ్బా అన్నింటిలోనూ సరిపోయింది. బిల్లు రాయించుకున్నాం. సెకండ్ హ్యాండ్ సామానుకు బిల్లేంటి అనుకోవద్దు. అది దొంగ బండిది కాదని చెప్పడానికి మీ దగ్గర ఉండే కాగితం అదొక్కటే.

ఇప్పుడు దించడం. ముందు బ్యాటరీ తీగ తీయాలి. బండిని జాకీతో లేపి, గట్టి నేల మీద నాలుగు స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు వద్దు, రాళ్లు వద్దు, జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరడం అసలే వద్దు. ఇటుక బరువు మోస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, పగిలేటప్పుడు చెప్పి పగలదు. రెంచీతో బలంగా గుంజే ముందే బండిని భుజంతో ఊపి చూడండి. కదిలితే మళ్లీ పెట్టండి. వీడియో కోసం తొందరపడి ఈ ముక్క దాటేయొద్దు, షెడ్లలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు రెండు ఫ్లాంజీల మీదుగా ఒక గీత గీయాలి. తిరిగి అదే గీత కలిసేలా బిగిస్తే పాత బ్యాలెన్సు పోదు. స్పీడోమీటరు కేబుల్, రివర్సు లైటు తీగలు, క్లచ్ లింకేజీ, గేరు రాడ్, ఒక్కోటి తీస్తూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మా గురువు గారి కాలంలో అన్నీ గుర్తుపెట్టుకునేవారు, మీ జేబులో కెమెరా ఉంది కదా, వాడుకోండి. తర్వాత ఇంజను వెనక భాగానికి కింద నుంచి చెక్క పెట్టి ఆసరా ఇవ్వాలి. లేకపోతే గేర్ బాక్సు తీయగానే ఇంజను వెనక్కి వాలి రేడియేటరు పైపులనో, ఇంజను మౌంటింగులనో గుంజేస్తుంది. అప్పుడు మౌంటింగు విప్పి, బెల్ హౌసింగ్ బోల్టులు తీసి, డబ్బాను నేరుగా వెనక్కి లాగాలి. నేరుగా అన్నా. వాల్చి వేలాడదీస్తే ఆ బరువంతా షాఫ్ట్ మీదుగా క్లచ్ ప్లేటు మీద పడి అది వంగిపోతుంది. గేర్ బాక్సు జాకీ గానీ, ఇద్దరు మనుషులు గానీ ఉండాలి. పడుకుని ఛాతీ మీదికి దించుకునే సాహసం సినిమాల్లో బాగుంటుంది.

డబ్బా కిందికి వచ్చింది. ఇప్పుడు చాలామంది కొత్తది ఎక్కించేయాలని చూస్తారు. నేనేమంటానంటే, ఒక పూట ఆగండి. మళ్లీ చేయి పెట్టలేని చోట్లన్నీ ఇప్పుడు తెరిచి ఉన్నాయి. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ చెమరుస్తోందా? ఇప్పుడే మార్చండి. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, చీలికలు ఉన్నాయా? క్లచ్ జారి కాలిన గుర్తులవి, లేత్ దగ్గరికి పంపండి. రిలీజ్ బేరింగు చేత్తో తిప్పితే శబ్దం చేస్తోందా? గేరు షాఫ్ట్ కొస కూర్చునే పైలట్ బేరింగు అరిగిందా? ఇవన్నీ చిన్న సామాన్లు. కానీ వీటిలో ఒకటి మేడారం అడవిలో పోతే మళ్లీ మొత్తం దించాల్సిందే. కాకా బండికి సీలు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, క్లచ్ ప్లేటు, వెనక రబ్బరు మౌంటింగు, క్రాస్ జాయింట్లు, అన్నీ మార్చాం. ఆయన కొడుకు "ఇవన్నీ అవసరమా అన్నా" అని అడిగాడు. జాతర ట్రాఫిక్‌లో మొదటి గేరులో మూడు గంటలు పాకే బండికి అవసరమే అన్నా.

ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటుని సరిగ్గా మధ్యలో నిలబెట్టాలి. దానికి డమ్మీ షాఫ్ట్ వాడతాం. పాత గేర్ బాక్సు పనికిరాదు కాబట్టి దాని ముందు షాఫ్ట్‌నే డమ్మీగా వాడాం. తర్వాత డబ్బాను నేరుగా, సమంగా ముందుకు నెట్టాలి. గాడులు కలవకపోతే గేరులో పెట్టి వెనక ఫ్లాంజీని కొంచెం కొంచెం తిప్పుతూ ఉండండి, ఒక చోట "ఠక్" మని దూరుతుంది. ఇంకా వేలెడు ఖాళీ ఉండగానే బోల్టులు పెట్టి గుంజి దగ్గరకు తెచ్చేవాళ్లుంటారు. ఆ పని మాత్రం చేయకండి. చేత్తో దగ్గరకు రాలేదంటే లోపల ఏదో అడ్డుంది. బోల్టుతో గుంజితే హౌసింగ్ చెవి విరుగుతుంది, లేదా క్లచ్ ప్లేటు నలుగుతుంది. వెనక్కి తీసి, చూసి, మళ్లీ పెట్టండి. మాకు మూడోసారికి కూర్చుంది. ముందు రెండుసార్లు తీసినందుకు పోయింది అరగంట, అంతే.

ఆయిల్ విషయం. గేర్ బాక్సు కదా అని ఏ చిక్కటి గేర్ ఆయిలైనా పోయొద్దు. కొన్ని పాత డబ్బాల్లో ఇంజను ఆయిలే పోయాలి. ఎంజీబీలో ఓవర్‌డ్రైవ్‌కీ గేర్ బాక్సుకీ ఒకటే ఆయిల్, అదీ ఇంజను ఆయిలే. జీఎల్-5 రకం ఆయిళ్లు వెనక హౌసింగులోని క్రౌన్ పినియన్ కోసం చేసినవి. వాటిలో కొన్ని ఇత్తడి సింక్రో రింగులకు పడవు. మీ డబ్బాకు కంపెనీ పుస్తకం ఏం చెప్పిందో అదే పోయండి. దింపిన పాత ఆయిల్‌ని డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వండి. జాతరప్పుడు జంపన్న వాగు ఒడ్డున బండ్లు బాగు చేసుకునేవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నా. అదే నీళ్లలో కిందికి పిల్లలు స్నానం చేస్తుంటారు.

బిగించాక మొదటి పరీక్ష స్టాండ్ల మీదే. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, కింద ఎవరూ లేకుండా చూసుకుని, ఒక్కో గేరు వేసి వినాలి. తర్వాత ఖాళీ రోడ్డు. ఇక్కడ స్పీడోమీటరు మాట గుర్తుపెట్టుకోండి. దాన్ని తిప్పే చిన్న చక్రం గేర్ బాక్సు తోకలోనే ఉంటుంది. వేరే బండి డబ్బా వేస్తే ముల్లు అబద్ధం చెప్పవచ్చు. ఫోన్‌లో జీపీఎస్ స్పీడు చూపించే యాప్ పెట్టుకుని, ఫోన్ పక్కవాళ్ల చేతికిచ్చి, 40 దగ్గర, 60 దగ్గర పోల్చి చూడండి. జీపీఎస్‌కు నెట్ సిగ్నల్ అక్కర్లేదు, అడవిలో కూడా పనిచేస్తుంది. మా ముల్లు కొంచెం ఎక్కువ చూపించింది. పాత డబ్బాలో ఉన్న చిన్న చక్రం తీసి ఇందులో వేస్తే సరిపోయింది. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఎక్కించి బోల్టులు, ఆయిల్ చెమ్మ చూశాం.

ఇక నడపడం. ఐదో గేరు బండి మూలగనంత స్పీడులోనే వేయాలి. 45లో పోతూ ఐదు వేసి యాక్సిలరేటరు తొక్కితే ఇంజను తక్కువ చుట్లలో ఎక్కువ బరువు మోస్తుంది, బేరింగుల మీద దెబ్బ. ఎత్తు వస్తే, లోడు ఉంటే, ఓవర్‌టేక్ చేయాలంటే నాలుగుకు దిగండి. దిగడం తక్కువతనం కాదు. కిందికి దిగే రోడ్డు మీద కూడా నాలుగో, మూడో ఉండాలి. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజను బండిని ఆపే బలం తక్కువ, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టొద్దు. న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వేయండి, ముందు బండి నాలుగు గజాలు జరిగాకే కదలండి.

2024 జాతరకు కాకా కుటుంబం ఈ బండిలోనే వచ్చింది. పస్రా దాకా ఐదో గేరు దూకలేదు, పస్రా తర్వాత క్లచ్ వాసన రాలేదు. పిల్లను తూచారు, బంగారం ఇచ్చారు. తిరిగొచ్చాక ఆయన నాతో అన్నది ఒకే మాట. "ఇన్నేండ్లు ఒక చెయ్యి గేరు రాడ్ మీదనే పెట్టి పట్టుకునేటోన్ని బిడ్డా, దుంకుతదేమోనని. ఈసారి రెండు చేతులు స్టీరింగ్ మీదనే ఉన్నయ్." నాకైతే గేర్ బాక్సు బిగించడం అంటే అదే. నాకు స్పీడు లెక్క చెప్పిన కస్టమరు కంటే ఆ మాటే ఎక్కువ.

చివరగా కట్టర్ సంగతి చెప్తానన్నా కదా. మీ ఇంట్లో తాతగారి పాత అంబాసిడర్, స్టీరింగ్ పక్కన గేరు ఉన్న మార్క్ 2 లాంటిది ఉంటే, దానికి ఐదు గేర్లు వేయాలని మీకు సరదా పుట్టొచ్చు. ముందు మూడు విషయాలు ఆలోచించండి. ఒకటి, ఇంజను కూడా మారిస్తే ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే ముందే ఆర్టీవో అనుమతి కావాలి. రెండు, 2021లో వచ్చిన వింటేజ్ బండ్ల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. అంబాసిడర్‌కు లారీలా వేరే ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ఫ్లోరు కోస్తే బండి వెన్నెముక కోసినట్టే. కోసింది మళ్లీ అతికించినా మొదటిలా అవ్వదు. మూడు, బ్రేకులు. నాలుగు గేర్ల కాలం నాటి డ్రమ్ బ్రేకులతో హైవే మీద హాయిగా పోయే బండి తయారు చేస్తే, ఆపేటప్పుడు ఆ హాయి ఉండదు. గేర్ బాక్సు కంటే ముందు బ్రేకుల మీద డబ్బు పెట్టండి.

కోయకుండా, అతకకుండా, తిరిగి పాతది పెట్టుకునేలా పని జరుగుతుందంటే చేయండి. లేదంటే ఉన్న నాలుగు గేర్ల డబ్బానే మంచి మేస్త్రీ దగ్గర బాగు చేయించుకుని, 60లో హాయిగా పోండి. మేడారం ఎక్కడికీ పోదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బండి బ్రేకులు విప్పుతున్నాం. సుద్దముక్క పరీక్ష మీ ఊరి షెడ్డులో చేసి చూసి, పది చుట్లకు ఎన్ని వచ్చాయో నాకు పంపండి. ఉంటా మరి. బండి కింద దూరే ముందు స్టాండ్లు చూసుకోండి.